పాలిష్ అల్లాయ్ వీల్ అంచు బాగుచేయడం: విజయవాడ ఆటోనగర్‌లో నా అనుభవం

రంగు వేసిన అల్లాయ్ వీల్ ఫుట్‌పాత్ రాయికి గీసుకుంటే పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ రంగు కొడితే గీత కనపడదు. పాలిష్ వీల్‌తో అలా కుదరదు. అక్కడ మనం చూసేది నేరుగా అల్యూమినియాన్నే. గీత పోవాలంటే అది ఎంత లోతు దిగిందో అంత లోతు వరకు చుట్టూ ఉన్న లోహాన్ని తీసేయాలి, లేదంటే గుంటని లోహంతోనే పూడ్చాలి. ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి, ఏ చక్రాన్ని అసలు ముట్టుకోకూడదు అన్న నిర్ణయాలే ఈ పనిలో కష్టమైనవి. మిగతాదంతా ఓపికతో అయిపోతుంది.

నేను కొన్న సెకండ్ హ్యాండ్ హోండా సిటీకి పాత ఓనర్ బయట కొని వేయించిన 15 అంగుళాల పాలిష్ వీల్స్ ఉన్నాయి. వెడల్పాటి అంచు, ఐదు స్పోక్స్. ఆ డిజైన్ ఇప్పుడు రావడం లేదు. కారు చేతికి వచ్చేటప్పటికే ఎడమవైపు రెండు చక్రాల అంచులు గీసుకుపోయి ఉన్నాయి. మన దగ్గర బండి ఆపేది ఎడమవైపే కాబట్టి దెబ్బలన్నీ ఆ చక్రాలకే తగులుతాయి. బందరు రోడ్డు పక్కన కాసేపు నిలబడి ఆగి ఉన్న కార్లను చూస్తే చాలు, కుడి చక్రాలు బాగానే ఉంటాయి, ఎడమ చక్రాల అంచులు గరుకుగా, తెల్లగా ఉంటాయి.

ముందు ఎడమ చక్రానికి జానెడు పొడవున అంచు చెక్కుకుపోయింది. మధ్యలో ఒకచోట రెండు మిల్లీమీటర్ల లోతు గుంట, దాని పక్కన పైకి లేచిన లోహం. గుడ్డతో తుడిస్తే అది చిరిగేంత పదును. వెనక ఎడమ చక్రం మీద మాత్రం పైపై గీతలే. అందుకే ముందు చక్రం గురించే నా బెంగంతా. వెనకది ఓ పూట రుద్దితే పోతుందనుకున్నాను.

టైర్ల షాపులో అడిగితే, “సిల్వర్ కొట్టేద్దాం సార్, దూరం నుంచి ఎవరికీ తెలీదు” అన్నారు. కార్ యాక్సెసరీస్ షాపులో, “డైమండ్ కట్ చేయిద్దాం, హైదరాబాద్ పంపించాలి, కొత్తదానిలా వస్తుంది” అన్నారు. రెండూ నా చక్రాలకి నప్పని సలహాలే. ఎందుకో చెప్పాలంటే మెరిసే అల్లాయ్ వీల్స్ అన్నీ ఒకటి కాదని ముందు తెలియాలి.

డైమండ్ కట్ అంటే వీల్‌ని సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే లేత్) మీద తిప్పుతూ వజ్రపు మొన ఉన్న టూల్‌తో ముందు ముఖం మీద సన్నటి పొర తీస్తారు. ఎండలో పెట్టి పక్కనుంచి చూస్తే సీడీ మీద కనిపించినట్టు రంగులు కనిపిస్తాయి, ఎందుకంటే టూల్ వదిలిన అతి సన్నటి గుండ్రటి గాడులు అక్కడ ఉంటాయి. దాని మీద తప్పకుండా క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పూత, వేస్తారు. కంపెనీ నుంచి నలుపు, వెండి రంగులు కలిసి వచ్చే వీల్స్‌లో ఎక్కువ భాగం ఇవే. పాలిష్ వీల్ వేరు. దాన్ని ఉప్పుకాగితాలతో, బఫ్‌తో (తిరిగే గుడ్డ చక్రంతో) అద్దంలా అయ్యేదాకా మెరుగు పెడతారు. గాడులు ఉండవు, రంగులు కనపడవు, మన ముఖం కనపడుతుంది. కొన్నిటికి క్లియర్ కోట్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

క్లియర్ కోట్ ఉందో లేదో తేల్చుకోవడం చాలా తేలిక. తెల్లటి గుడ్డ మీద కొంచెం మెటల్ పాలిష్ వేసి, వీల్ మీద కనపడని మూల రుద్దాలి. గుడ్డ నల్లబడితే అది వట్టి అల్యూమినియం. గుడ్డ తెల్లగానే ఉండిపోతే పైన కోటింగ్ ఉన్నట్టు. నా గుడ్డ మొదటి రుద్దుకే నల్లబడింది.

ఇలాంటి వీల్‌ని డైమండ్ కట్ చేయిస్తే ముఖమంతా గాడులు పడతాయి, పక్కనున్న మిగతా మూడు చక్రాలతో కలవదు. ఒకచోట పడ్డ గీత కోసం ముఖం మొత్తం మీద లోహం పోతుంది. పైగా వీల్ ఏ కాస్త వంకర ఉన్నా టూల్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కోస్తుంది. ఆ తర్వాత వేసే క్లియర్ కోట్‌కి మళ్ళీ ఎక్కడో రాయి తగిలి చిన్న పగులు వస్తే, నీళ్ళు అందులోంచి లోపలికి పోయి కోటింగ్ కింద తెల్లటి పురుగులు పాకినట్టు తుప్పు పడుతుంది. డైమండ్ కట్ చెడ్డదని నేననడం లేదు. డైమండ్ కట్‌గా పుట్టిన వీల్‌కి అదే సరైన దారి. అది కూడా వీల్ జీవితంలో కొన్నిసార్లకే, ఎందుకంటే తీసిన లోహం తిరిగి రాదు.

మా బంధువుల్లో ఒకాయన లారీ బాడీలు కట్టిస్తుంటారు. ఆయన మాట మీద జవహర్ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్ళాను. ఆటోనగర్ తెలియని విజయవాడ వాళ్ళుండరు. లారీ ఛాసిస్ నుంచి ఇంజిన్ బోరు దాకా, ఎవరో ఒకరు దాన్ని విప్పుతూనో అతుకుతూనో ఉంటారు. ఆ షాపు పెద్దాయన్ని అందరూ మాస్టారు అంటారు. నేనూ అలాగే పిలిచాను. ఫోటోలు చూపించబోతే చూడలేదు.

“ఫోటోలో చూసి ఏం చెప్తాను బాబూ? నాలుగు చక్రాలూ టైర్లు విప్పించి తీసుకురండి. గీతలు ముందు కాదు, వెనక చూడాలి.”

టైర్లు విప్పించడానికి వెళ్ళినప్పుడు నేను పట్టుబట్టి అడిగింది ఒకటే. మెషిన్ మీద వీల్‌ని బయటి అంచు పట్టుకుని బిగించొద్దు, లోపలి నుంచి బిగించండి, టైరు విప్పే తలకి ప్లాస్టిక్ తొడుగు వేయండి అని. పాలిష్ వీల్స్ మీద పడే గీతల్లో ఫుట్‌పాత్ రాళ్ళవి ఎన్నో, టైరు మెషిన్లవి కూడా అన్ని ఉంటాయని నా అనుమానం. అడిగితే చేస్తారు. అడగకపోతే మామూలుగా అందరికీ బిగించినట్టే బిగిస్తారు.

మాస్టారు ఒక్కో చక్రాన్నీ లేత్‌కి తగిలించి మెల్లగా తిప్పుతూ, వంకర ఉంటే ముల్లు కదిలి చూపించే డయల్ గేజ్ పెట్టి చూశారు. మూడు బాగానే తిరిగాయి. వెనక ఎడమ చక్రం, అంటే పైపై గీతలే ఉన్న చక్రం, లోపలివైపు అంచు దగ్గర ముల్లు ఊగింది. ఆయన ఏమీ అనకుండా దాన్ని దించి, ఆ చోటు శుభ్రంగా తుడిచి ఎర్రటి ద్రవం స్ప్రే చేశారు. పది నిమిషాలు ఆగి, ఎరుపంతా తుడిచేసి, పైన తెల్లటి డెవలపర్ కొట్టారు. ఆ తెలుపులోంచి సన్నటి ఎర్ర గీత ఒకటి మెల్లగా పైకి తేలింది. వేలు పొడవు. కంటితో అంతకుముందు అక్కడ ఏమీ కనపడలేదు. డై పెనెట్రెంట్ పరీక్ష అంటారు. రంగు పగులులోకి దూరి, తర్వాత తెల్లపొడి దాన్ని బయటికి లాగుతుంది. ఇంజిన్ హెడ్‌లు చూసే షాపుల్లో ఈ స్ప్రే డబ్బాలు ఉంటాయి. ఏదో గుంతలో గట్టిగా పడి ఉంటుంది. బయటి గీతలకీ ఈ పగులుకీ సంబంధం లేదు.

“దీన్ని ఆర్గాన్ వెల్డింగ్ చేయొచ్చా?” అని అడిగాను.

“చేస్తే గాలి ఆగుతుంది బాబూ. బరువు ఆగుతుందని నేను చెప్పలేను. ఇది టైరు కూర్చునే చోటు. హైవే మీద పిల్లల్ని ఎక్కించుకుని పోతారు మీరు. నేను చెయ్యను.”

డబ్బులొచ్చే పనిని ఆయన అలా వద్దనడం నాకు చాలా గౌరవంగా అనిపించింది. ఎందుకు వద్దన్నారో లోతుగా అడిగితే ఓపిగ్గా చెప్పారు, మిగతాది నేను ఇంటికొచ్చి చదువుకున్నాను. పోత పోసిన అల్లాయ్ వీల్స్ చాలావరకు ఏ356 అనే మిశ్రమంతో చేస్తారు. అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం. పోతపోసిన తర్వాత దాన్ని 540 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్ళలో చల్లార్చి, మళ్ళీ 150 డిగ్రీల పైన కొన్ని గంటలు ఉంచుతారు. దీన్నే టి6 అంటారు. చక్రానికి గట్టిదనం వచ్చేది ఈ వేడిచికిత్సతోనే. వెల్డింగ్ చేసిన చోట, దాని చుట్టుపక్కల, ఆ గట్టిదనం పోతుంది. కాబట్టి స్పోక్స్ మీద, మధ్య బోల్టుల దగ్గర, టైరు కూర్చునే గట్టు మీద పగులుంటే అతకడం ప్రాణాలతో ఆడుకోవడమే. బయటి అంచు కొసన పోయిన చిన్న ముక్కని పూడ్చడం వేరు. అక్కడ బరువు పెద్దగా పడదు. గ్యాస్ టార్చ్‌తో పాత రంగు కాల్చి తీసే షాపులకి కూడా ఇదే కారణంగా దూరంగా ఉండాలి.

అలా వెనక చక్రం తుక్కులోకి వెళ్ళింది. నేను చూసి భయపడ్డ ముందు చక్రానికి మాత్రం, “ఇది అంచే కదా, అవుతుంది” అన్నారు.

ముందుగా పైకి లేచిన లోహాన్ని ఆకురాయితో తీశారు. అల్యూమినియం మెత్తన కాబట్టి ఆకురాయి పళ్ళల్లో ఇరుక్కుని, ఆ ఇరుక్కున్న ముక్కే తిరిగి వీల్‌ని గీసేస్తుంది. అలా కాకుండా ఆయన ఆకురాయికి సుద్దముక్క బాగా రుద్దారు. ఆ చిట్కా నాకు తర్వాత ఇంట్లోనూ పనికొచ్చింది. గీసుకున్న జానెడులో ఎక్కువ భాగం అర మిల్లీమీటరు కూడా లోతు లేదు, దాన్ని రుద్ది తీసేయొచ్చన్నారు. రెండు మిల్లీమీటర్ల గుంటని మాత్రం రుద్దడంతో తేల్చాలంటే అంచంతా పలచబడిపోతుంది. అందుకని ఆ ఒక్కచోటే వెల్డింగ్.

వెల్డింగ్ ముందు ఆయన శుభ్రం చేసిన తీరు చెప్పాలి. అసిటోన్‌తో గ్రీజు పోగొట్టి, అల్యూమినియానికి మాత్రమే వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్దారు. ఇనుము మీద వాడిన బ్రష్ వాడితే ఇనుప రేణువులు అల్యూమినియంలో దిగబడి తర్వాత అక్కడే మచ్చలు తేలతాయి. అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక ఆక్సైడ్ పొర ఉంటుంది. కింది లోహం 660 డిగ్రీల లోపే కరిగిపోతే, పై పొర కరగడానికి 2000 డిగ్రీలు దాటాలి. అందుకే ఏసీ కరెంటు మీద టిగ్ వెల్డింగ్ (మనం ఆర్గాన్ వెల్డింగ్ అనేది ఇదే) చేస్తారు. దిశ మారే ఆ కరెంటు ఒక దిశలో పారే ప్రతిసారీ ఆ పొర కొంచెం కొంచెం చెదిరి తొలగుతుంది, ఆర్గాన్ గ్యాస్ కొత్త పొర పట్టకుండా కాపాడుతుంది. గుంట పూడ్చడానికి 4043 అనే రకం అల్యూమినియం రాడ్ వాడారు. దాంట్లో 5 శాతం సిలికాన్ ఉంటుంది కాబట్టి వీల్ లోహానికి దగ్గరగా ఉంటుంది, మెరుగు పెట్టాక రంగు తేడా పెద్దగా తెలియదు. ఒకేసారి పోయకుండా, చుక్క చుక్కగా వేసి, మధ్యలో చల్లారనిచ్చి, గుంట కన్నా కొంచెం ఎత్తుగా నింపారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను. టైరు ఎక్కించి ఉన్న చక్రాన్ని ఎవరైనా వెల్డింగ్ చేస్తానంటే అక్కడి నుంచి వచ్చేయండి. గాలి తీసేశామన్నా సరే. వేడికి లోపల రబ్బరు నుంచి మండే వాయువులు పుట్టి టైరు బాంబులా పేలొచ్చు. మనుషులు చనిపోయిన ప్రమాదాలు ఇవి.

మిగతా పని నేనే చేసుకుంటానంటే మాస్టారు నవ్వి, నాకు ఉప్పుకాగితాల నంబర్లు రాసిచ్చారు (నంబరు పెరిగే కొద్దీ కాగితం నునుపు): 180, 240, 320, 400, 600, 800, 1000, 1500, 2000. “ఒక్కటి కూడా దాటెయ్యొద్దు” అన్నారు. వెల్డింగ్ చేసిన బొడిపెకి మాత్రం ఆకురాయి, తర్వాత 180. పైపై గీతలున్న చోట 180తో మొదలెట్టక్కర్లేదు. గీతని తీయగలిగే అతి నునుపైన కాగితం ఏదో దాంతోనే మొదలెట్టాలి, ఎందుకంటే గరుకు కాగితం పెట్టే ప్రతి గీతనీ మళ్ళీ మనమే తీయాలి. నా వీల్ మీద చాలాచోట్ల 320 సరిపోయింది.

తడిపి రుద్దే ఈ ఉప్పుకాగితాలు, అంటే వాటర్ పేపర్లు, ఏ పెయింట్ల షాపులోనైనా దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు. మా ఇంటి వెనక కుళాయి దగ్గర కూర్చుని, బకెట్ నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, తడిగానే రుద్దాను. తడిగా రుద్దడానికి ఇంకో కారణం కూడా ఉంది. అల్యూమినియం సన్నటి పొడి గాల్లో లేస్తే ఊపిరితిత్తులకి చెడు చేయడమే కాదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గ్రైండర్‌తో ఇనుము కోసే చోట అల్యూమినియం పొడి పోగుపడనివ్వకూడదు. బఫింగ్ దగ్గరైతే మాస్క్, కళ్ళద్దాలు తప్పనిసరి.

రుద్దడంలో అసలు కిటుకు దిశ మార్చడం. ఒక నంబరుతో అంచు వెంబడి రుద్దితే, తర్వాతి నంబరుతో దానికి అడ్డంగా ఏటవాలుగా రుద్దాలి. అప్పుడు పాత గీతలు కొత్త గీతల మధ్య స్పష్టంగా వేరుగా కనిపిస్తాయి. పాతవి ఒక్కటీ మిగలకుండా పోయాకే తర్వాతి నంబరు. ప్రతి నంబరు మార్పు దగ్గరా వీల్‌నీ, చేతుల్నీ, బకెట్‌నీ కడగాలి. 320 రేణువు ఒక్కటి 1000 కాగితం కిందికి చేరితే గంట పని వృథా అవుతుంది. సాయంత్రం మొబైల్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా కొడితే, పగలు కనపడని గీతలన్నీ బయటపడతాయి. మొత్తం అయిందనుకున్న చోట కూడా టార్చ్ వేస్తే 240 గీతలు కనిపించేవి, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆ నంబరు నుంచే వచ్చేవాణ్ణి. ఈ పనిలో వెనక్కి వెళ్ళడం భాగమే.

రెండోది, వేళ్ళతో నొక్కి రుద్దకూడదు. వేళ్ళ కింద లోహం ఎక్కువ పోయి పల్లాలు పడతాయి. కంటికి కనపడని ఆ పల్లం, అద్దంలా మెరిశాక ప్రతిబింబాన్ని వంకర చేస్తుంది. గట్టి రబ్బరు ముక్కని అంచు ఒంపుకి తగ్గట్టు కోసి దానికి కాగితం చుట్టుకున్నాను. నల్ల మార్కర్‌తో ఆ చోటంతా పూసి రుద్దితే, ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. వెల్డింగ్ బొడిపె చుట్టుపక్కల అంచుతో కలిసిందో లేదో నాకు చెప్పింది ఆ మార్కరే. గుంట ఉన్నది రెండంగుళాలైనా, రుద్దింది రెండువైపులా మరో నాలుగేసి అంగుళాలు. మార్పు నెమ్మదిగా సర్దుకోవాలి, ఒక్కసారిగా దిగితే తెలిసిపోతుంది. టైరు కూర్చునే లోపలి గట్టుని మాత్రం అస్సలు ముట్టుకోలేదు. అక్కడ లోహం తగ్గితే గాలి దిగిపోతుంది.

800 దగ్గరికి వచ్చేసరికి వెల్డింగ్ మధ్యలో సూదిమొనంత చుక్కలు రెండు కనిపించాయి. వెల్డింగ్ చేసేటప్పుడు హైడ్రోజన్ చిక్కుకుని వచ్చే రంధ్రాలవి. రంగు వీల్ అయితే ప్రైమర్ కింద పోయేవి. పాలిష్ వీల్ మీద నల్ల చుక్కల్లా ఉండిపోతాయి. మళ్ళీ ఆటోనగర్ వెళ్తే మాస్టారు ఆ చుక్కల్ని కొద్దిగా తొలిచి, రెండు చిన్న బొట్లు వేసి ఇచ్చారు. మళ్ళీ ఆకురాయి నుంచి మొదలు. ఈసారి చేయి అలవాటు పడింది కాబట్టి తొందరగానే తేలింది.

2000 దాటాక వీల్ మసక అద్దంలా ఉంటుంది, మెరుపు ఇంకా రాదు. బఫింగ్ కోసం స్టీల్ రెయిలింగ్‌లకి పాలిష్ పట్టే షాపుకి వెళ్ళాను. అక్కడ ఒక షరతు పెట్టాను. స్టీల్‌కి వాడిన బఫ్ నా వీల్‌కి వాడొద్దు, కొత్తది నేనే కొనిస్తాను అని. ఆ షాపు కుర్రాడు ఒప్పుకున్నాడు, పైగా, “అవునన్నా, స్టీల్ రజను ఉంటే గీతలు పడతాయి” అని తనే అన్నాడు. ముందు బ్రౌన్ సోప్‌తో (సోప్ అంటే బఫ్‌కి పూసే మెరుగు ముద్ద) కోత, తర్వాత వేరే మెత్తటి కాటన్ బఫ్ మీద తెల్ల సోప్‌తో మెరుగు. ఒక్కో సోప్‌కి ఒక్కో బఫ్. ఒకేచోట నిలపకుండా కదుపుతూనే ఉండాలి, నిలిపితే వేడికి సోప్ కాలి నల్లగా అంటుకుంటుంది. చివర్లో మిగిలిన జిడ్డుకి అతను మైదాపిండి చల్లి పొడి గుడ్డతో తుడిచాడు. పిండి జిడ్డునంతా పీల్చేసింది, గుడ్డ గీతలు కూడా పడలేదు. అంచులో షాపు గోడ మీది క్యాలెండర్ అంకెలు తిరగబడి కనిపించాయి. వెల్డింగ్ ఎక్కడ ఉందో నాకు తెలుసు కాబట్టి ఏటవాలు వెలుగులో కొంచెం బూడిద ఛాయ కనిపెట్టగలను. తెలియని వాళ్ళెవరూ ఇంతవరకు చూపించలేకపోయారు.

క్లియర్ కోట్ వేయాలా వద్దా అని బాగా ఆలోచించాను. నునుపుగా మెరిసే అల్యూమినియం మీద కోటింగ్ పట్టు అంతంతమాత్రమే, ఒకచోట లేచిందంటే మొత్తం గీకి తీయాలి. వేయకపోతే అప్పుడప్పుడూ మెటల్ పాలిష్ పట్టుకుంటూ ఉండాలి. నేను వేయకూడదనే నిర్ణయించుకున్నాను. పాలిష్ పట్టి, పైన వ్యాక్స్ పూస్తున్నాను. వానాకాలంలో తరచుగా, మామూలప్పుడు ఎప్పుడైనా. రోజూ బండి తీసేవాళ్ళకి, సమయం లేనివాళ్ళకి నా పద్ధతి నప్పకపోవచ్చు.

దీనికన్నా ముఖ్యమైంది వాటర్ వాష్ దగ్గర జాగ్రత్త. అల్యూమినియాన్ని ఆమ్లమూ తింటుంది, క్షారమూ తింటుంది. చక్రాల మురికి త్వరగా వదలాలని కొన్నిచోట్ల ఘాటు యాసిడ్ క్లీనర్‌ గానీ కాస్టిక్ కలిపిన ద్రావణం గానీ కొడతారు. రంగు వీల్ తట్టుకుంటుంది. వట్టి అల్యూమినియం అయితే అక్కడికక్కడే తెల్లగా, నల్లగా మచ్చలు పడిపోతుంది. అందుకని చక్రాలు నేనే కార్ షాంపూతో కడుక్కుంటున్నాను. బండి నడిపి వచ్చిన వెంటనే వేడి చక్రాల మీద ఏదీ చల్లకూడదు, నీళ్ళు కూడా.

టైరు ఎక్కించాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి, ఎందుకంటే కొంత లోహం పోయింది, కొంత చేరింది. సీసం ముక్కల్ని అంచుకి కొట్టి బిగించే రకం వద్దన్నాను. అవి పాలిష్ అంచుని నొక్కేస్తాయి, దాని కింద తడి నిలిచి తుప్పు పడుతుంది. లోపలివైపు అతికించే రకం పెట్టించాను.

నట్ల గురించి చాలామంది పట్టించుకోరు. హోండా కంపెనీ వీల్స్‌కి నట్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, బయట కొనే వీల్స్‌కి ఎక్కువగా శంకువులా ఉంటుంది. ఒకదాని నట్టు ఇంకోదానికి మర లోకి ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ సీటు మీద సరిగా కూర్చోదు, నడిచే కొద్దీ వదులవుతుంది. నా కారులో శంకువు నట్లే ఉన్నాయని ఒక్కోటీ విప్పి చూసుకున్నాను. గన్‌తో చివరిదాకా బిగించనివ్వకుండా, చేత్తో ఎదురెదురుగా బిగించి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో 108 న్యూటన్ మీటర్లు పెట్టించాను. సిటీ మాన్యువల్‌లో ఉన్న లెక్క అది. కొంత దూరం తిరిగి వచ్చాక మళ్ళీ రెంచ్ వేసి చూశాను, ఏదీ కదల్లేదు.

పగిలిన చక్రం స్థానంలో అదే డిజైన్‌ది వెతకడానికి ఎక్కువ తిరగాల్సి వచ్చింది. ఆటోనగర్‌లోనే పాత విడిభాగాల షాపులో ఒకటి దొరికింది, సిల్వర్ రంగు కొట్టి ఉంది. కొనేముందు మాస్టారు దగ్గరికి తీసుకెళ్ళి తిప్పించి, ఎరుపు స్ప్రే కొట్టించాను. లోపలా బయటా ఎక్కడా గీత తేలలేదు. రంగుని కాస్టిక్ లేని పెయింట్ రిమూవర్‌తో తీస్తే కింద పుట్టీ బయటపడింది, పుట్టీ కింద ఫుట్‌పాత్ దెబ్బ. లోతు ఒక మిల్లీమీటరు లోపే ఉంది, వెల్డింగ్ అక్కర్లేదన్నారు. ఇప్పుడది 400 దగ్గర ఉంది, కారుకి స్టెప్నీ తిరుగుతోంది.